పసుపు సంచి కప్పుకున్న పెద్ద బండి

“గీ నెలల పసుపు ఉడుకవెట్టుడేందే పిల్లా?” అని మా అత్తమ్మ కారు కిటికీలోంచి ముక్కు బయటికి పెట్టి అడిగింది చూడండి, సరిగ్గా ఆ క్షణాన నా గుండె జారింది. ఘన్‌పూర్ దాటి మూడు నాలుగు మైళ్ళు వచ్చాం. రోడ్డుకు రెండు పక్కలా వరి కోసేసిన పొలాలు, వాటి మీద పల్చటి పొగమంచు. పసుపు తవ్వేదీ ఉడకబెట్టేదీ మాఘం దాటాక. అప్పుడింకా మార్గశిరమే. చుట్టుపక్కల కల్లం లేదు, కాగు లేదు, పొయ్యి లేదు. కనుచూపు మేరలో ఉన్నదల్లా మా కారు ఒక్కటే. ముప్ఫై ఏళ్ళుగా పసుపు వ్యాపారం చేసే ఇంటి ఇల్లాలి ముక్కు అబద్ధం చెప్పదు. ఆ వాసన ఎక్కడినుంచి వస్తున్నదో ఆవిడకు తెలియలేదు గాని నాకు తెలిసింది. ఎందుకంటే ఆ కారు ముందు భాగానికి పసుపు బస్తా సంచి కట్టించిన మహాతల్లిని నేనే.

ఆ రోజుల్లో (మరీ అంత పాతవేమీ కావు, ఎనిమిదేళ్ళ కిందటి మాట, కాని పిల్లలు పడుకున్నాక దీపం దగ్గర కూర్చుని రాయడం మొదలుపెడితే పోయిన వారం కూడా ‘ఆ రోజులు’ అయిపోతుంది) సొంత కారున్న ఇల్లంటే హనుమకొండలో మా సుబేదారి వీధుల్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులోనూ మా మామయ్య కారు లాంటిది ఇంకొకటి లేదు. అది ఏ దేశం నుంచి ఓడెక్కి వచ్చిందో గాని, ఒక పాత దొరల ఇంట్లో ఇరవై ఏళ్ళు ఉండి, వాళ్ళు హైదరాబాదుకు మారిపోతూ అమ్మేస్తే, వరంగల్ బజారులో పసుపు దుకాణం నడిపే మా మామయ్య ఇంటికి చేరింది. అల్లనేరేడు పండు రంగు. లోపల పరుపుల్లాంటి తోలు సీట్లు, ముందు చెక్కతో చేసిన అద్దం లాంటి బోర్డు, దాని మధ్యలో ఎప్పుడూ నాలుగుంబావు చూపించే గడియారం. నేను కొత్త కోడలిగా ఆ ఇంటికి వచ్చింది ఆ కారులోనే. గుంతల రోడ్డు మీద అది కదులుతుంటే నడుస్తున్నట్టు ఉండేది కాదు, ఎవరో చేతుల మీద ఎత్తుకుని తీసుకుపోతున్నట్టు ఉండేది. ఇవాళ్టికీ దాన్ని తలుచుకుంటే నాకు భక్తి లాంటిదే కలుగుతుంది. పేరు పెట్టి పిలవడానికి మా ఇంట్లో ఎవరికీ మనసొప్పేది కాదు. పెద్ద బండి అనేవాళ్ళం, అంతే.

పెద్ద బండికి రోగాలు కూడా పెద్దవే. ఎండాకాలం పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయి నడిరోడ్డు మీద నిలబడేది. మా అత్తమ్మ పాత చీర ముక్క తడిపి ఆ గొట్టానికి చుడితే పావుగంటకు శాంతించేది. వానాకాలం సెల్ఫు పలికేది కాదు, వీధిలో వాళ్ళంతా తోయాల్సి వచ్చేది (తోసిన వాళ్ళందరికీ చాయ్, ఒక్కోసారి చాయ్ కోసమే జనం మా గేటు ముందు తిరుగుతున్నారేమోనని అనుమానం వచ్చేది). నాలుగు తలుపుల అద్దాలు తిప్పడానికి ఒక్కటే పిడి మిగిలింది. అది అత్తమ్మ సంచిలో, పోక చెక్కల డబ్బా పక్కన ఉండేది. ఎవరికి గాలి కావాలన్నా ఆవిడను అడగాలి. సామాను దొరికేది కాదు. లారీ ట్యూబు కోసి రబ్బరు బుష్షులు, జీపు క్లచ్ ప్లేటు అరగదీసి దీనికి క్లచ్ ప్లేటు, ఒకసారైతే వాటర్ పంపు మధ్యలో పెట్టే ప్యాకింగు మా ఆడబిడ్డ పెళ్ళిలో మిగిలిపోయిన శుభలేఖల అట్ట కత్తిరించి చేశారు. మామయ్య ఈ ఖర్చులను రూపాయల్లో చెప్పేవాడు కాదు, పసుపులో చెప్పేవాడు. సెల్ఫు బాగు చేయిస్తే “బస్తన్నర వొడిసింది” అనేవాడు. గేరు పెట్టె విప్పిన ఏడాది “పది బస్తాలు తాగింది” అన్నాడు. అత్తమ్మ ఊరుకుంటుందా? “పెండ్లైన కాన్నుంచి నేను పూసుకున్న పసుపు అంత కలిపినా ఇంత గాలే. ముత్తయిదువ అంటె గీ బండే!” అనేది.

ఇన్ని రోగాలతోనూ ఆ బండి నడిచిందంటే దానికి కారణం ఒక్కడే మనిషి. ఆయనను అందరూ డోర్నకల్ మిస్త్రి అనేవారు. కుర్రతనంలో డోర్నకల్ రైలు షెడ్డులో బొగ్గు ఇంజన్ల దగ్గర పని నేర్చి, ఆ తర్వాత హనుమకొండ చేరాడు. సన్నగా, వెదురు కర్రలా ఉండేవాడు. బడి మొహం చూడలేదు. ఇంజను నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను దాని మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. దవాఖానాలో డాక్టరు కూడా అంత శ్రద్ధగా వినగా నేను చూడలేదు. “మూడో సిలిండరు అలిగింది సేటూ” అనేవాడు. విప్పి చూస్తే మూడోదే. ఆయన పనిముట్లుండే పానాల సంచి మా వాకిట్లో గోడకున్న కొక్కేనికి ఎనిమిదేళ్ళుగా వేలాడుతూ ఉండేది. పెద్ద బండి ఊరు దాటాలంటే ముందు సీట్లో మామయ్య పక్కన మిస్త్రి ఉండాల్సిందే.

ఇక నా గొప్పతనం దగ్గరికి వద్దాం. నేను బీయస్సీ చదివాను (వృక్షశాస్త్రం. ఆకులు, పువ్వులు, వేర్లు. ఇంజన్లతో వాటికి ఏ సంబంధమూ లేదని అప్పుడెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు). కారు డిక్కీలో ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. బండిని ఎట్లా చూసుకోవాలో బొమ్మలతో సహా రాసిన పుస్తకం. ఇంట్లో ఇంగ్లీషు బాగా చదవగలిగింది నేనూ మా ఆయనా. మా ఆయనకు బండి అంటే చిరాకు, స్కూటర్ మీదే తిరిగేవారు. అందుకని ప్రతి ఆదివారం పొద్దున నా కచేరీ మొదలయ్యేది. మామయ్య వాకిట్లో పేము కుర్చీలో, మిస్త్రి బండి కింద, నేను గుమ్మం కర్టెన్ వెనక పుస్తకంతో. కోడలు మామతో ఎదురుగా మాట్లాడే పద్ధతి మా ఇంట్లో లేదు గనక, నేను ఒక్కో ముక్క తెలుగులో చెప్పి, “తాతకు చెప్పు” అని మా పెద్దోడికి అప్పగించేదాన్ని. వాడికి అప్పుడు ఆరేళ్ళు. నా గొంతు వాకిట్లోకి శుభ్రంగా వినిపించేది, అయినా వాడు వెళ్ళి నాలుగడుగుల దూరంలో ఉన్న తాతకు అదంతా మళ్ళీ అరిచి చెప్పేదాకా ఆయన విననట్టే కూర్చునేవాడు. విన్నాక, “మీ అమ్మను ఇంకోపారి సదువుమను” అనేవాడు.

ఒక ఆదివారం ఆ పుస్తకం వల్ల నిజంగానే అద్భుతం జరిగింది. మూడేళ్ళుగా మూగబోయిన హారను ఫ్యూజు ఎక్కడుందో మిస్త్రికి దొరకలేదు. స్టీరింగు కింద ఎడమ పక్క ఒక మూత వెనక ఉంటుందని నేను చదివాను. అక్కడే ఉంది. హారను మోగింది. మోగి ఇక ఆగలేదు. పక్కింటి బర్రె పలుపు తెంపుకుని కలెక్టరు బంగళా దాకా పరుగెత్తింది. మిస్త్రి బండి కింద నుంచి తల బయట పెట్టి, “సేటూ, కోడలమ్మ సదువుతాంటె ఇంజను సుత చెవులు నిక్కవొడుసుకొని ఇంటాంది!” అన్నాడు. మామయ్య వీధంతా పేడాలు పంచాడు. పెళ్ళయ్యాక రెండుసార్లు అడిగి కాదనిపించుకున్న బి.ఎడ్. చదువు గురించి, ఆ రాత్రి భోజనం దగ్గర “వచ్చే జూన్ల చేరుతనంటె చేరుమను” అని మా ఆయనతో అన్నాడు. అంటే నా బి.ఎడ్. సీటు ఆ హారను మీద నిలబడి ఉందన్నమాట. అప్పటినుంచి ఆ పుస్తకాన్ని పసుపు కుంకుమ పెట్టిన గుడ్డలో చుట్టి పెట్టుకున్నాను.

ఆ ఏడాది చలికాలంలోనే మా మరిది పెళ్ళి కుదిరింది. ఆడపిల్ల వాళ్ళది రఘునాథపల్లి. పెళ్ళి అక్కడే. ముందురోజే మా ఆయన, పెళ్ళికొడుకు, చుట్టాలంతా బస్సులో వెళ్ళడం, పుస్తెలూ మట్టెలూ పట్టుకుని అత్తమ్మ, మామయ్య, నేను, ఇద్దరు పిల్లలు పెళ్ళి రోజు పొద్దున పెద్ద బండిలో చేరడం అని ఏర్పాటు. ముహూర్తం పదీ నలభైకి. మిస్త్రి ముందురోజు సాయంత్రం వచ్చి బండిని తుడిచి సిద్ధం చేస్తున్నాడు. మామయ్య పెళ్ళి పని మీద బజారుకు వెళ్ళాడు. నేను నా ధర్మం ప్రకారం పుస్తకం తీసి చలికాలం జాగ్రత్తల పేజీ విప్పాను. బాగా చలిగా ఉన్నప్పుడు ఇంజను త్వరగా వేడెక్కదు గనక రేడియేటరు ముందు కింది సగాన్ని కప్పి ఉంచాలని ఉంది. స్పష్టంగా సగమనే ఉంది. కాని మీరు నన్ను అర్థం చేసుకోవాలి. మా చిన్నదానికి అప్పుడు నాలుగేళ్ళు, పది రోజులుగా దగ్గు. ఇద్దరికీ మంకీ టోపీలు, మఫ్లర్లు, మేజోళ్ళు వేసి, కళ్ళు మాత్రం కనిపించేట్టు మూటలు కట్టి తిప్పుతున్నాను. పిల్లల చెవులు సగం కప్పే తల్లి ఎక్కడైనా ఉంటుందా? సగం కప్పితే మంచిదైతే పూర్తిగా కప్పితే ఇంకా మంచిది కదా! “మిస్త్రి తాతకు చెప్పు, ముందు భాగం మొత్తం కప్పాలట” అన్నాను పెద్దోడితో.

బండి తుడిచే గుడ్డ బకెట్లో పడిన చప్పుడైంది. తర్వాత, “కోడలమ్మా, జర ఆ బుక్కు ఇటియ్యరాదు, బొమ్మ సూస్త” అని వినిపించింది. కర్టెన్ కింది నుంచి పుస్తకం అందించాను. చాలాసేపు చూశాడు.

“గీ బొమ్మల నేలంత గిట్ల తెల్లగున్నదేంది బిడ్డా?”

“అచ్చు సరిగ్గా పడలేదనుకుంట” అన్నాను, చదువుకున్న దాన్ని గనక.

“అట్లనా... ఆ బొమ్మల చలి, మన చలి ఒక్కటేనంటవా?”

“పుస్తకంల ఉన్నది మిస్త్రి తాతా” అన్నాను.

ఆయన లేచాడు. దుకాణం నుంచి వచ్చిన ఖాళీ పసుపు సంచి ఒకటి తెచ్చి, బండి ముఖానికి నిండుగా కట్టాడు. తెల్లవారి మామయ్య చూసి, “ఇదేందిరా?” అంటే, “చలికి కట్టాల్నట సేటూ, బుక్కుల ఉన్నదట” అన్నాడు. బుక్కు మాట వినగానే మామయ్య తృప్తిగా తలూపి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఏడింటికి బయలుదేరాం. కాజీపేట దాటాం, మడికొండ దాటాం. బండి మహారాజులా పోతోంది. అత్తమ్మ ఒళ్ళో పుస్తెలున్న ఇత్తడి పెట్టె, కాళ్ళ దగ్గర గౌరమ్మను చేయడానికి తీసిన మేలు రకం పసుపు చెంబు. ముందు సీట్లో మిస్త్రి మాత్రం కుదురుగా లేడు. ఒక కాలితో నేల మీద ఇంజను చప్పుడుకు తాళం వేస్తూ, తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. వేడి చూపించే ముల్లు ఎప్పుడో విరిగింది గనక ఆ బండికి జ్వరం చూసేది ఆయన చెవులే. ఘన్‌పూర్ రాగానే, “సేటూ, జర ఆపుండ్రి, చాయ్ తాగుదాం” అన్నాడు.

“పెండ్లింటికాడ తాగుదువు తియ్.”

“ఒక్క పది నిమిషాలు సేటూ. ముహూర్తానికి శాన టైమున్నది.”

“నీ చాయ్ పిచ్చి సల్లగుండ, నా కొడుకు పెండ్లి మిస్త్రీ ఇది!” అని మామయ్య ఇంకాస్త తొక్కాడు. ఆ మనిషికి చాయ్ అలవాటే లేదన్న సంగతి నాకు చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది. ఎవరికీ తెలియకుండా దిగి, ఆ సంచిని ఇంత కిందికి జార్చుదామని ఆయన ఎత్తు. నా మర్యాద పోకుండా బండిని కాపాడాలని చూశాడు.

ఆ తర్వాత మూడు నాలుగు మైళ్ళకే ఉడికిన పసుపు వాసన వచ్చింది. అత్తమ్మ మాట పూర్తి కాకముందే ముందు అద్దమంతా తెల్లబడిపోయింది. ముందు నుంచి గాలి ఆడక మరిగిపోయిన బండి రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి రోడ్డు పక్కన ఆగింది. బానెట్ సందుల్లోంచి బుసబుసమని పసుపుపచ్చటి ఆవిరి. చిన్నది ఏడుపు, పెద్దోడు సంతోషంతో గంతులు, అత్తమ్మ ఇత్తడి పెట్టెను గుండెకు హత్తుకుని దేవుళ్ళందరినీ పిలవడం. మామయ్య తన వైపు తలుపు తీసుకుని దిగేలోపల (ఆ తలుపు తెరవడానికి ఒక ఒడుపు ఉంది, తొందరలో రాదు) మిస్త్రి ముందుకు దూకి తాడు కొస ఒకటి పట్టుకుని లాగాడు. ఒక్క లాగుడుకు సంచి మొత్తం జారి కింద పడింది. ఒక్క లాగుకు ఊడే ముడి అది. రాత్రే అట్లా వేసి పెట్టుకున్నాడు. సీటు కింద రెండు డబ్బాల నీళ్ళు కూడా పెట్టుకున్నాడు. నేను పుస్తకం చదివినప్పుడు ఆయన ముందున్న రోడ్డును చదివాడు.

మామయ్య ముందుకు వచ్చి, తడిసి ముద్దయిన సంచిని చూశాడు. ఆయన నోరు తెరవకముందే మిస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“తప్పైంది సేటూ. కోడలమ్మ సగమే కట్టుమని సదివింది. బొమ్మల సుత సగమే ఉన్నది. నేనే తిక్కలోని లెక్క నిండ కట్టిన.”

వెనక సీట్లో నేను రాయినైపోయాను. పెద్దోడు మాత్రం రాయి కాలేదు. “కాదు తాతా! అమ్మనే...” అని మొదలుపెట్టాడు. మిస్త్రి చటుక్కున వాడి రెక్క పట్టుకుని, “పెద్దయ్యా, గా నీళ్ళ డబ్బల చేపలున్నయో లేవో జర సూసి చెప్పు. చేపలుంటె ఇంజన్ల పోయద్దు” అన్నాడు. వాడు రెండు డబ్బాల్లోనూ తల దూర్చి అరగంట సేపు చేపలు వెతికాడు.

“ఎనిమిదేండ్ల సంది నా బండి మీద చెయ్యేస్తానవ్” అన్నాడు మామయ్య. గొంతు పెంచలేదు, అందుకే ఇంకా భయమేసింది. “బుక్కు ఒకటి చెప్తె నువ్వొకటి చేస్తవా? పుస్తెలు ఇక్కడుండి పెండ్లి అక్కడుంటె నలుగురిల నా మొఖం ఎట్ల వెట్టుకోవాలె? ఈ పెండ్లి కానియ్. ఇంటికి పోయినంక నీ పానాల సంచి తీస్కపో. మల్ల నా వాకిట్ల కనవడకు.”

నేను అప్పుడు మాట్లాడాలి. నోరు తెరిచాను కూడా. కాని పెళ్ళైన ఏడేళ్ళలో మామయ్యకు ఎదురుగా ఒక్క మాట అనలేదు. చెప్పించడానికి పెద్దోడు దగ్గర లేడు, చేపల దగ్గరున్నాడు. ఇవన్నీ సాకులు. అసలు సంగతి, కళ్ళ ముందు హారను, దాని మీద నిలబడ్డ బి.ఎడ్. సీటు కనిపించాయి. నోరు మూసుకున్నాను. మిస్త్రి నా వైపు చూడనైనా చూడలేదు. చొక్కా చేతులు పైకి మడిచి పనిలో దిగాడు. ఉద్యోగం పోయిన మనిషి అట్లా పని చేయగా నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఇంజను చల్లబడేదాకా ఎవరినీ దాని దగ్గరికి రానివ్వలేదు. తర్వాత తడిగుడ్డ చుట్టిన చేత్తో రేడియేటరు మూత తీసి, వేళ్ళతో తడిమి, “కింద సన్నగ చీలింది. కారుతాంది. పసుపు పడితె ఆగుతది” అన్నాడు. రేడియేటరు చిల్లుకు పసుపు పట్టు వేయడం ఆ రోజుల్లో లారీల వాళ్ళందరికీ తెలిసిన వైద్యమే. నీళ్ళలో కలిపి పోస్తే ఆ వేడికి చిల్లు దగ్గర పట్టుకుంటుంది. అందరి కళ్ళూ అత్తమ్మ కాళ్ళ దగ్గరున్న చెంబు మీద పడ్డాయి. అత్తమ్మ పమిట చెంగు చెంబు మీద కప్పేసింది.

“గౌరమ్మ పసుపు గీ ఇనుముల పోస్తవా? కండ్లు పోతయ్!”

“ఒక్క పిడికెడు అక్కా.”

“పిడికెడు కాదు, చిటికెడు గూడ ముట్టనియ్య. అసలు ఇది ఏ రకమో తెలుసా? ఏడాది సంది ఏరి పెట్టిన. ఇంజనుకు నాసిరకం జాల్తది.”

“సేటు బండి గదా అక్కా, నాసిరకం తాగుతదా?”

ఆ కంగారులోనూ మామయ్య మీసాల కింద పెదవి కదిలింది. అత్తమ్మ చుట్టూ చూసింది. కింద పడి ఉన్న సంచి కనిపించింది. దిగి, కొస పట్టుకుని ఎత్తి, “తడవని కుట్ల దగ్గర సూడు” అంటూ దాన్ని తిరగేసింది. పసుపు సంచి ఎన్నిసార్లు ఖాళీ చేసినా మూలల కుట్లలో గిద్దెడు పొడి దాక్కుంటుందని దుకాణాల వాళ్ళ ఇళ్ళలో పెరిగిన ఆడవాళ్ళకు తెలుసు. మామయ్య భుజం మీది తువ్వాలు తీసుకుని నేల మీద పరిచి, సంచి మూలలు విప్పి చేత్తో తపతపా కొట్టింది. తువ్వాలు మీద బంగారం లాంటి పొడి, సరిగ్గా రెండు పిడికిళ్ళు. “ఈ సంచి ఎవలు కట్టుమన్నరో గాని, ఆల్ల పుణ్యాన పసుపు దొరికింది” అంది. ఆ మాట అంటూ ఎందుకో నా వైపు ఒక్క క్షణం ఎక్కువసేపు చూసింది. ఆవిడ ముక్కే కాదు, కళ్ళు కూడా మంచివే.

పసుపు నీళ్ళు తాగిన పెద్ద బండి రెండు నిమిషాలు ఆలోచించి, గొంతు సవరించుకుని లేచింది. మిస్త్రి తలుపు బయట కాలిపలక మీద నిలబడి, బానెట్ మీద చెవి వాల్చి, “మెల్లగ సేటూ... ఇప్పుడు జర తొక్కుండ్రి... చాలు” అంటూ దారంతా నడిపించాడు. ఆ చలిగాలిలో ఆయన ఒంటి మీద ఉన్నది ఒక్క పల్చటి చొక్కా. మూటలు కట్టిన నా పిల్లలను ఒళ్ళో పెట్టుకుని నేను ఆ చొక్కానే చూస్తూ కూర్చున్నాను. పదీ ఇరవైకి రఘునాథపల్లి పందిరి ముందు ఆగాం. బండి ముందు భాగమంతా పచ్చగా కారిన చారలు. పెళ్ళికూతురి మేనత్త హారతి పళ్ళెంతో ఎదురొచ్చి, బండిని చూసి బుగ్గ మీద వేలేసుకుంది. “ఓయమ్మా! మొగపెండ్లోల్లు బండికి సుత నలుగు వెట్టి తెచ్చిన్రే!” అని దాని నుదుటన పెద్ద కుంకుమ బొట్టు పెట్టింది. పందిరంతా నవ్వులు. మామయ్య కూడా నవ్వాడు. వేళకు పుస్తె కట్టారు. ఆ పెళ్ళిలో నలుగురూ చెప్పుకున్నది మా పెద్ద బండి వైభోగం గురించే. మిస్త్రి బంతిలో కూర్చోలేదు. బండి దగ్గరే విస్తరి పెట్టించుకున్నాడు.

సాయంత్రానికి ఇంటికి చేర్చాడు. దిగి, వాకిట్లో కొక్కేనికున్న పానాల సంచి తీసి భుజాన వేసుకున్నాడు. పెద్దోడి టోపీ సరిచేసి, “చేపలు దొరికితె చెప్పు పెద్దయ్యా” అని నవ్వి వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళు సంచి ఆనుకున్న చోట గోడ మీద గుండ్రంగా నల్లటి మచ్చ మిగిలింది. దీపాలు పెట్టే వేళ, ఆ ఖాళీ కొక్కెం కింద నిలబడి నేను పుస్తకం విప్పి ఆ బొమ్మ మళ్ళీ చూశాను. నేల మాత్రమే కాదు, చెట్ల కొమ్మల మీద కూడా తెల్లగా ఉంది. కారు పక్కన నిలబడ్డ మనిషి బూట్లు మడమల దాకా ఆ తెలుపులో దిగబడి ఉన్నాయి. అచ్చు తప్పు కాదు, మంచు. చదవడం రాని మనిషికి కనిపించింది నాకు కనిపించలేదు.

ఇప్పుడా బండి లేదు, పుస్తకం నా బీరువాలో ఉంది. బి.ఎడ్. పట్టా దాని పక్కనే ఉంది. ఆ కొక్కెం తర్వాతి ఏళ్ళలో సంచి బరువుకు వంగి, ఊడి, రెండుసార్లు మళ్ళీ గోడకు దిగింది. మా పెద్దోడికి మీసాలు వచ్చే వయసు దగ్గరపడింది, వాడికి టోపీ పెట్టబోతే తల పక్కకు తిప్పుకుంటాడు. ఆ కర్టెన్ వెనక పుస్తకం గుండెకు ఆనించుకుని, అందరి చెవులూ కప్పాలని ఆరాటపడిన ఆ పిల్లను తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, కాస్త దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది. పాపం, దానికి భయాలు చాలా ఉండేవి. అయినా మర్నాడు పొద్దున, మామయ్య పేము కుర్చీలో కూర్చుని ఖాళీ కొక్కేన్ని చూడనట్టు నటిస్తూ ఉండగా, ఆ పిల్ల కర్టెన్ ఇవతల పిల్లలిద్దరినీ ఎదురుగా నిలబెట్టి, వాకిట్లోకి ఒక్క అక్షరం కూడా పొల్లు పోకుండా వినిపించేంత గట్టిగా చెప్పింది:

“పెద్దోడా, నిన్న రోడ్డు మీద నువ్వేదో చెప్పవోతె మిస్త్రి తాత నిన్ను చేపలు చూడుమన్నడు గదా. ఆ డబ్బల చేపలు లేవు బిడ్డా. ఇప్పుడు పోయి చెప్పు. బుక్కుల సగమే ఉన్నది, నిండ కట్టుమన్నది మా అమ్మనే అని చెప్పు. చిన్నీ, అన్న ఏమన్న మర్చిపోతె నువ్వు చెప్పు. చెప్పినంక ఇద్దరు చెరో చెయ్యి పట్టుకొని తాతను మిస్త్రి తాత ఇంటికి తోల్కపోండ్రి. టోపీలు వద్దు. ఎండ వచ్చింది.”